నూటికి అరవై నాలుగు

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు. అయినా మేనల్లుడు వదల్లేదు. ఎనిమిదింటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారుకి వెళ్దామని. ఇలాంటి రోజున పుస్తకాలవాళ్లు సగం మంది కూడా రారనీ, వచ్చినవాళ్లు ప్లాస్టిక్ పట్టా కప్పేసి టీ తాగుతూ కూర్చుంటారనీ చెప్పి చూశాను. "పట్టా ఎత్తి చూద్దాం మావయ్యా" అన్నాడు.

ఎత్తి చూశాం. పోటీ పరీక్షల గైడ్ల కింద, అట్ట తడిసి ఉబ్బిపోయిన స్పైడర్‌మ్యాన్ పాత సంచికల సంపుటం ఒకటి దొరికింది. రెండొందల యాభై చెప్పి నూట యాభైకి ఇచ్చాడు. అందులో 1967 నాటి యాభయ్యో సంచిక ఉంది. రాసింది స్టాన్ లీ, బొమ్మలు జాన్ రొమీటా. ఒక పేజీ అంతా ఒకే బొమ్మ. వానలో ఇరుకు సందు, చెత్తడబ్బాకి వేలాడుతున్న ఎర్ర డ్రెస్సు, మనకి వీపు పెట్టి వెళ్లిపోతున్న కుర్రాడు. చినుకులు పడుతున్నాయని పుస్తకాలవాడు తొందరపెడుతున్నా ఆ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయాను. ఈ బొమ్మని నేను ముందు చూసింది 'స్పైడర్‌మ్యాన్ 2' సినిమాలో. 2004లో, డిగ్రీ రోజుల్లో, తెలుగు డబ్బింగులో. అది కామిక్‌లోంచి తెచ్చిన బొమ్మని అప్పుడు నాకు తెలియదు. తెలియకపోయినా గొంతులో ఏదో అడ్డుపడటం మాత్రం గుర్తుంది.

మేనల్లుడి లెక్క వేరు. తొమ్మిదో తరగతి వాడు. కామిక్ నుంచి వచ్చిన ఏ సినిమాకైనా వందతో మొదలుపెడతాడు. అందులో ఉండి ఇందులో లేనిదానికి కొన్ని, ఇందులో ఉండి అందులో లేనిదానికి కొన్ని, అలా కోసుకుంటూ పోతాడు, రూళ్ల నోట్‌బుక్కులో ఎర్ర పెన్నుతో. భోజనాలయ్యాక 'స్పైడర్‌మ్యాన్ 2' పెట్టాడు. పేర్లు పూర్తికాకుండానే పది మార్కులు పోయాయి.

"సాలెదారం చేతిలోంచి రావడమేంటి మావయ్యా? అసలు కథలో వాడే తయారుచేసుకుంటాడు కదా!"

కాదనలేను. 1962లో వచ్చిన మొదటి కథలో సాలీడు కరిచినందుకు ఆ కుర్రాడికి బలం వస్తుంది, గోడలెక్కడం వస్తుంది. దారం మాత్రం వాడి బుర్రలోంచి వచ్చింది. మణికట్టుకి కట్టుకునే చిన్న పరికరం, లోపల ఏదో ద్రవం. చేతిలో డబ్బుల్లేని, బాగా చదివే పిల్లాడు ఇంట్లో కూర్చుని చేసుకున్నది. ఒక్కోసారి కొట్లాట మధ్యలో అయిపోతుంది కూడా. 2002లో సామ్ రైమీ తీసిన మొదటి సినిమాలో ఆ పరికరం ఎగిరిపోయింది, దారం ఒంట్లోంచే వచ్చేసింది. వాడి సొంత సంపాదన అంటూ ఉన్న ఒక్కటీ సాలీడు ఖాతాలో పడిపోయింది.

కానీ ఈ రెండో సినిమా చూస్తుంటే వేరే సంగతి తట్టింది. గాల్లో ఊగుతుండగా ఉన్నట్టుండి దారం రాదు. కిందపడతాడు. అదే పరికరమైతే ద్రవం అయిపోయిందనుకుంటాం, ఇంకో సీసా పెట్టుకుంటాడు, అంతే. ఒంట్లోంచి వచ్చేది ఆగిపోతే ఏ దుకాణంలో దొరుకుతుంది? మనసు కష్టపెట్టుకున్నవాడికి అన్నం సయించనట్టు, వీడికి దారం రావడం లేదు. మొదటి సినిమాలో చేసిన తప్పే రెండో సినిమాకి పునాది అయిందన్నమాట. ఈ మాట చెబితే మేనల్లుడు కాసేపు పెన్ను కొరికి నాలుగు మార్కులు వెనక్కిచ్చాడు. ఆరు మాత్రం ఇవ్వనన్నాడు.

ఈలోగా అమ్మ కింద చాప వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. సినిమా ఇంగ్లీషులో ఉంది కాబట్టి అమ్మకి ఎప్పటికప్పుడు నేను తెలుగులో చెప్పాలి. మొదటి చిక్కు ఆంటీ మే దగ్గరే వచ్చింది. ఆవిడ ఆ కుర్రాడికి ఏమవుతుందని అమ్మ అడిగింది. ఆంటీ అన్నాడు మేనల్లుడు. "ఆంటీ అంటే పక్కింటావిడా?" అంది అమ్మ. ఇంగ్లీషువాళ్లకి ఆ ఒక్క మాట చాలు, మనకి చాలదు. అత్తా, పిన్నా, పెద్దమ్మా? బెన్ అంకుల్ ఆ కుర్రాడి తండ్రికి అన్న, కాబట్టి పెద్దమ్మ అని తేల్చాను. అక్కణ్నుంచి అమ్మకి కథ బాగా పట్టేసింది. పిజ్జా సమయానికి ఇవ్వలేక ఉద్యోగం పోగొట్టుకున్నాడు, అద్దె కోసం ఇంటి ఓనరు నిలదీస్తున్నాడు, పెద్దమ్మ ఇల్లు బ్యాంకు పట్టుకుపోయేలా ఉంది. "రాత్రంతా ఊరిమీద పడి తిరిగితే పగలు పని ఎవడిస్తాడురా" అని అమ్మ వాణ్నే తిట్టింది. ఎగరడం, దూకడం గురించి ఒక్క మాట అడగలేదు.

చెత్తడబ్బా సీను వచ్చింది. పొద్దున కొన్న పుస్తకం తెరిచి టీవీ పక్కన పెట్టాడు మేనల్లుడు. అదే సందు, అదే వీపు. పూర్తి మార్కులు. నేనైతే ఇక్కడే అనుమానంగా చూస్తాను. బొమ్మ దింపడం తేలికే, కాగితం ఎదురుగా పెట్టుకుంటే కెమెరావాడు దింపేస్తాడు. వాడు ఆ డ్రెస్సు ఎందుకు వదిలేశాడు, మళ్లీ ఎందుకు వేసుకున్నాడు అన్నదే అసలు పరీక్ష. కామిక్‌లో రాత్రి కాపలా కాసే ఒక ముసలాయన్ని దొంగలు చుట్టుముడితే కాపాడతాడు. ఆయన్ని చూస్తే చనిపోయిన పెదనాన్న గుర్తొస్తాడు. ఏ సంబంధమూ లేని ముసలాయన. సినిమాలో ఏమో ప్రేమించిన అమ్మాయిని విలన్ ఎత్తుకుపోతే పోయిన శక్తులు తిరిగొచ్చేస్తాయి. ఇక్కడ నేనే అయిదు మార్కులు కోయమన్నాను. మేనల్లుడు సంబరంగా కోశాడు.

తరవాత మనసొప్పక మూడు ఇప్పించాను. అంతకుముందే శక్తులేవీ లేకుండా మంటల్లోకి వెళ్లి ఒక పాపని తీసుకొస్తాడు కదా. బయటికొచ్చి ఊపిరి పీల్చుకుంటుంటే, నాలుగో అంతస్తులో ఒకరు చనిపోయారని పక్కవాళ్ల మాట చెవినపడుతుంది. ఆ ముఖం చాలు. కాపలా ముసలాయన లేని లోటు అక్కడ కొంత తీరింది.

విలన్ డాక్టర్ ఆక్టోపస్ దగ్గర మళ్లీ గొడవ. 1963లో కామిక్‌లోకి వచ్చినప్పుడు వాడికి భార్య గొడవేమీ లేదు, నాలుగు ఇనప చేతులూ వాడు చెప్పినట్టు ఆడతాయి. సినిమాలో ఆల్‌ఫ్రెడ్ మొలీనాకి ఒక మంచి భార్యనిచ్చి, ఆవిణ్ని చంపి, చేతులకి సొంత బుద్ధి పెట్టి, వాటిని అదుపులో పెట్టే మెడ వెనక చిప్ కాల్చేశారు. "ఇవన్నీ మూలంలో లేవు" అని మేనల్లుడు పెన్ను తీశాడు.

"శశిరేఖ కూడా భారతంలో లేదంటారుగా" అంది అమ్మ, తలెత్తకుండా.

వాడికి అర్థం కాలేదు. 'మాయాబజార్' కథ వ్యాసుడిది కాదని చెప్పాను. ఆ సినిమా వాడికి తెలుసు, బళ్లో 'వివాహ భోజనంబు'కి గద పట్టుకుని నిలబడ్డాడు. కాసేపు నోట్‌బుక్కు వంక చూసి, ఆక్టోపస్ గడి ఖాళీగా వదిలేశాడు.

రైలు సీనుకి రెండు మార్కులు పోయాయి. ఒకటి, న్యూయార్క్‌లో చూపించిన చోట అలా పైనుంచి వెళ్లే రైలు లేదు, ఆ పట్టాలు షికాగోవి. రెండు, ముసుగు లేకుండా అంతమందికి ముఖం చూపించేశాడు. రైలాగాక స్పృహ తప్పి పడిపోబోతే జనం పట్టుకుని, తలల మీదుగా చేతులు మార్చుకుంటూ లోపలికి తీసుకెళ్తారు. మన పిల్లాడి వయసేనని ఒకాయన అంటాడు. అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "ఇంతమందిలో ఒక్కడూ ఫోటో తియ్యలేదే!" అంది. ఇప్పటి సినిమా అయితే తీసేవాళ్లేనమ్మా అన్నాను.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మా ఇన్వర్టర్‌కి ఫ్యానూ లైటూ తప్ప టీవీ అందదు. పావుగంట చూసి, మిగతా కథ చెప్పమంది అమ్మ. చెప్పాను. ఆక్టోపస్ నది ఒడ్డున యంత్రం పెట్టాడని, అది ఊరంతటినీ మింగేలా ఉందని, మనవాడు వెళ్లి కొట్టి ఆ యంత్రంతో పాటే వాణ్నీ నీళ్లలో ముంచేశాడని. "హ్యారీ ఏడి మావయ్యా?" అన్నాడు మేనల్లుడు. హ్యారీని మొత్తానికే మర్చిపోయాను. ప్రాణస్నేహితుడు ముసుగు లాగి చూసే సీను ఎగిరిపోయింది. దానికి బదులు ప్రేమించిన అమ్మాయి పెళ్లి దగ్గర పెద్దమ్మ కళ్లు తుడుచుకుందని ఏదో చేర్చాను, అది సినిమాలో ఉందో లేదో నాకే తెలియదు. అమ్మకి మాత్రం నచ్చింది.

ఆరున్నరకి కరెంటొచ్చింది. చివరి అరగంట చూశాం. నేను చెప్పినట్టు కాదు, ఆక్టోపస్‌ని ఎవరూ ముంచలేదు. ఆ కుర్రాడు ముసుగు తీసి మాట్లాడితే విని, ఇనప చేతుల్ని తన మాట వినేలా లొంగదీసుకుని, వాడే ఆ యంత్రాన్ని నదిలోకి తోసి దాంతో పాటు మునిగిపోయాడు. ఇరవై ఏళ్లుగా నా తలలో స్పైడర్‌మ్యానే వాణ్ని చంపుతూ వచ్చాడు.

"నువ్వు చెప్పింది ఇలా లేదేంట్రా" అంది అమ్మ.

మేనల్లుడు సినిమాకి అరవై నాలుగు వేసి కింద గీత గీశాడు. తరవాత పేజీ తిప్పి పైన నా పేరు రాసి, పక్కన వంద వేశాడు. హ్యారీకి పది తీసేశాడు. ఆక్టోపస్‌కి ఎంత తియ్యాలో అడగడానికి అమ్మ కోసం వంటింట్లోకి వెళ్లాడు.