నిక్కీ జీపుకి నేను వేసిన రంగు

పోయిన వారం భీమవరం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. అటక దులుపుతుంటే ట్రంకుపెట్టె నిండా పాత రేకు బొమ్మలు, చిన్న చిన్న కార్లు దొరికాయట. "రంగులన్నీ పోయాయండీ, మా వీధి చివర కార్ల పెయింటింగ్ షెడ్డు కుర్రాడు కొత్తవాటిలా చేసిచ్చేస్తానంటున్నాడు, అలా చేయించి అమ్మితే మంచి రేటొస్తుందంటారా?" అని అడిగారు. ఆయన మాట పూర్తి కాకుండానే "వద్దండీ, రంగు మాట ఎత్తకండి, కనీసం తడిగుడ్డతో కూడా తుడవకండి, ఆదివారం నేనే వస్తాను" అన్నాను. మొహం తెలియని మనిషికి అంత గట్టిగా చెప్పడం బాగోదని తెలుసు, కానీ పదకొండేళ్ళ కిందట నాకు అలా చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

నా సంగతి చెప్తాను. మా పెదనాన్నగారు రైల్వేలో పనిచేసేవారు. 1970 ప్రాంతంలో ఏదో పని మీద కలకత్తా వెళ్ళి, వస్తూ వస్తూ మా అన్నయ్యకి ఒక బొమ్మ జీపు తెచ్చారు. అరచేతిలో పట్టేంత జీపు, పోత పోసిన లోహం, చేతికి బరువుగా తగులుతుంది. అడుగున నిక్కీ టాయ్స్ అని ఉంటుంది. ఇంగ్లండులో లివర్‌పూల్‌లో మెకానో కంపెనీ 1930ల నుంచి డింకీ టాయ్స్ అని బొమ్మ కార్లు చేసేది, ఆ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. దానికి ముందే, 1960ల చివర్లో, డింకీ వాళ్ళ పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరాయి. అక్కడివాళ్ళు అచ్చు మీద డింకీ అన్న పేరుని మొరటుగా చెరిపేసి నిక్కీ అని పెట్టి, అవే బళ్ళు మన దేశంలో పోసి అమ్మారు. లివర్‌పూల్ బండికున్న నునుపు వీటికి లేదు. మా జీపు మీద రంగు మందంగా, మూలల్లో గడ్డకట్టినట్టు ఉండేది, ఒక తలుపు కింద అయితే రంగు కారి అక్కడే ఆరిపోయిన చుక్క కూడా ఉండేది.

అన్నయ్య అమెరికా వెళ్ళాక ఆ జీపు నా దగ్గరే ఉండిపోయింది. సగం రంగు ఊడిపోయింది, చూస్తే జాలేసేది. అప్పటికి పాత బొమ్మల పిచ్చి నాకు కొత్తగా పట్టుకుంది. అడుగు రేకుని పట్టుకునే రివిట్లు రెండూ డ్రిల్లుతో తీసేశాను, పెయింట్ రిమూవర్‌లో రాత్రంతా నానబెట్టాను, పొద్దున్నే పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ మందపాటి రంగంతా తొక్కలా లేచి వచ్చేసింది. రెండు కోట్లు ప్రైమరు, మూడు కోట్లు కార్లకి వేసే పెయింటు. నిజంగా అద్దంలా వచ్చింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఫోన్లో పరిచయమైన ఒక పెద్దాయన, హైదరాబాదులో పాత బొమ్మలు సేకరించే కలెక్టరు, అంతర్వేది వెళ్తూ దారిలో పాలకొల్లులో మా ఇంటికొచ్చారు. జీపు పాత ఫోటో ఆయనకి ఇదివరకే పంపాను, ధర కూడా మాట్లాడుకున్నాం. చేతికిచ్చాను. ముందు రంగు చూడలేదు, నేరుగా తిరగేసి రివిట్లు చూశారు. జేబులోంచి దొంగనోట్లు చూసే చిన్న నీలం లైటు తీసి, చెయ్యి అడ్డం పెట్టుకుని బండి మీద వేశారు. కొత్త పెయింట్లు చాలావరకు ఆ వెలుతురులో పాతవాటికంటే వేరేగా మెరుస్తాయి.

"ఎవరు వేశారండీ రంగు?"

"నేనేనండీ. ఆయ్."

ఆయన జీపుని బల్ల మీద పెట్టేసి మెల్లగా చెప్పారు. "పని శుభ్రంగా చేశారు. కానీ ఇది కలకత్తా బండి అని చెప్పడానికి ఇప్పుడు అడుగు రేకు తప్ప ఏం మిగిలింది? రివిట్లు తీశారు కాబట్టి ఆ రేకు కూడా ఇంకో బండిది తెచ్చి బిగించారేమో అని కొనేవాడికి అనుమానం వస్తుంది. ఆ కారిన రంగు ఉంది చూశారూ, అదండీ దాని సంతకం."

రంగు ఊడిపోయిన జీపుకి ముందు ఒప్పుకున్న ధరలో నాలుగో వంతు ఇస్తానన్నారు. నేను ఇవ్వలేదు. డబ్బు గురించి కాదు. మా పెదనాన్నగారు తెచ్చిన వస్తువుని నా చేతులతో నేనే చెరిపేశానని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి ఎవరైనా పాత బొమ్మ బాగుచేయించాలా అని అడిగితే నేను ముందు ఒకటే అడుగుతాను, మీరు మచ్చ అనుకుంటున్నది నిజంగా మచ్చేనా, లేక ఆ బొమ్మ ఎక్కడ, ఎప్పుడు, ఎవరి చేతిలో పుట్టిందో చెప్పే గుర్తా? కలెక్టరు డబ్బు పెట్టేది ఆ గుర్తుకి. మెరుపు కావాలనుకుంటే కొత్త బొమ్మే కొనుక్కుంటాడు కదా. ఫన్‌స్కూల్ వాళ్ళు మన దేశంలో చేసిన జి.ఐ. జో అనే సైనికుల బొమ్మల్నే చూడండి, అమెరికా బొమ్మతో పోలిస్తే వాటి రంగులు కొన్నిట్లో విచిత్రంగా ఉంటాయి, బయటి దేశాల కలెక్టర్లు సరిగ్గా ఆ తేడా కోసమే వాటిని వెతుక్కుంటారు. ఎవరైనా "సరిచేద్దాం" అని ఆ రంగుని అమెరికా బొమ్మలా మారిస్తే దాని కథ అక్కడితో అయిపోయినట్టే.

డైకాస్ట్, అంటే నా జీపులా పోత పోసిన లోహపు కార్లవాళ్ళ భాషలో దీనికి కోడ్‌లు ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంటే కోడ్ 1. కంపెనీ అనుమతితో బయటివాళ్ళు మార్పులు చేస్తే కోడ్ 2. అనుమతి ఏమీ లేకుండా సొంతంగా మారిస్తే, అంటే నా జీపులాంటివి, కోడ్ 3. కోడ్ 3 తప్పేమీ కాదు, వాటిని ఇష్టపడి చేసేవాళ్ళూ కొనేవాళ్ళూ ఉన్నారు. చెప్పకుండా అమ్మితేనే మోసం. టైర్లు మార్చామా, గ్లాసు కొత్తదా, డబ్బా ఒరిజినలా లేక ఈమధ్య అచ్చువేసిన నకలా, ఇవన్నీ కొనేవాడికి ముందే చెప్పాలి. డబ్బా మాట ఎందుకు తెచ్చానంటే, అదే బండి డబ్బాతో ఉంటే ఒక ధర, లేకపోతే ఇంకో ధర, తేడా ఒక్కోసారి కళ్ళు తిరిగేలా ఉంటుంది. అందుకే నకలు డబ్బాలు అంత ఎక్కువగా తిరుగుతుంటాయి.

రేకు బొమ్మల సంగతి ఇంకా సున్నితం. పాత జర్మనీ, జపాన్ రేకు బొమ్మల్లో చాలావాటికి రంగు బ్రష్షుతో వేసింది కాదు. చదునైన రేకు మీద ముందే రంగులన్నీ అచ్చువేస్తారు, తర్వాత కోసి, వంచి, చిన్న చిన్న రేకు నాలుకలు సందుల్లోకి దూర్చి మడిచి బిగిస్తారు. కాబట్టి మనం ఎంత నేర్పుగా బ్రష్షు పెట్టినా అచ్చు పక్కన అది అతుకులాగే కనిపిస్తుంది, భూతద్దం పెడితే మరీను. ఆ నాలుకలు కూడా రెండు మూడు సార్లు వంచితే చాలు, విరిగిపోతాయి.

మా అమ్మమ్మ వాళ్ళ నాన్నగారు కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్ళి, బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసిన మనిషి. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడకముందే ఇంటికి తిరిగొచ్చేశారు, వస్తూ కీ ఇస్తే నడిచే జపాన్ రేకు కారు ఒకటి తెచ్చారు. రాజోలు అవతల లంకలో అమ్మమ్మ వాళ్ళింట్లో అది గోడగూట్లో ఉండేది. 1986 ఆగస్టు వరద మా గోదావరి వాళ్ళెవరూ మర్చిపోలేరు, ధవళేశ్వరం దగ్గర అంత నీరు రావడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. అందరూ గట్టుమీదికి వెళ్ళిపోయారు, కారు గూట్లోనే ఉండిపోయింది. నీళ్ళు గూటి లోపలికి వచ్చి, కారు చక్రాలు మునిగి, ఇంకో వేలెడు పైకి ఎక్కి ఆగిపోయాయి. ఇప్పటికీ కారు చుట్టూ ఆ ఎత్తులో తుప్పు గీత ఉంది. కింద గోధుమరంగు గరుకు, పైన ఎర్ర తలుపులు, కిటికీలో టోపీ పెట్టుకున్న డ్రైవరు మొహం చెక్కుచెదరకుండా. నిజం చెప్పాలంటే ఆ గీత వల్ల ధర తగ్గింది, వరద తుప్పు అని ఎవరూ ఎక్కువ ఇవ్వరు. కానీ దాన్ని గోకి రంగు పూస్తే మిగిలిన సగం అచ్చుని కూడా నమ్మరు, ఇంకా తగ్గుతుంది.

దానికి నేను చేసిన పని చాలా కొద్ది. మెత్తటి బ్రష్షుతో దుమ్ము తీశాను. దూదికి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క అద్ది, ముందు ఎవరికీ కనపడని అడుగున రాసి, రంగు దూదికి అంటుకోవడంలేదని చూసుకుని, అప్పుడు పైన మెల్లగా తుడిచాను. స్ప్రింగు తెగిపోయిందనుకున్నాను. నరసాపురంలో వాచీలు బాగుచేసే తాతగారి దగ్గరికి తీసుకెళ్తే, కీ పెట్టే కన్నంలోంచి టార్చి వేసి చూసి "తెగలేదు బాబూ, లోపల పాత నూనె ఎండి బంకైపోయింది, నాలుకలు విప్పక్కర్లేదు" అని ఆ కన్నంలోంచే పల్చటి నూనె వేసి రెండు రోజులు పక్కన పెట్టమన్నారు. మూడో రోజు కీ తిప్పితే ముందు గిర్రుమని ఒక చప్పుడు, తర్వాత అరుగు మీద మూడు మూరలు నడిచింది. అమ్మమ్మ అప్పటికి లేదు, మా అమ్మ చూసి ఏడ్చేసింది. కీ మాత్రం కొత్తది, ఆ సంగతి కాగితం మీద రాసి కారుతోపాటే పెట్టాను. ఇలా లోపలి యంత్రం కదిలేలా చేయడం కలెక్టర్లకి ఇష్టమే, పైచర్మం ముట్టుకోనంతవరకు.

ఒక్క మాట, దయచేసి ఇత్తడి బిందెలు తోమినట్టు రేకు బొమ్మల్ని చింతపండు పెట్టి తోమకండి. ఆ పులుపుకి తుప్పు పోతుంది, దాంతోపాటు రంగూ పోతుంది. మా చుట్టాల్లోనే ఒకరింట్లో నల్లటి రేకు మిగిలింది.

అన్నిటికీ ఇదే లెక్క అని చెప్పను. పిల్లలు కూర్చుని తొక్కే పెడల్ కార్లున్నాయి కదా, వాటిని పూర్తిగా విప్పి, రంగు వేసి, కొత్తగా నిలబెడితే కొనేవాళ్ళు చాలామందే ఉన్నారు, పని బాగుంటే మంచి ధరే ఇస్తారు. ఒక్క రంగు ముక్క కూడా మిగలని మామూలు మోడల్ డైకాస్ట్ కారైతే దానికి రంగు వేయడం వల్ల పోయేదేమీ లేదు. ఇక రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోసిన డింకీల్లో కొన్నిటికి ఏ బాగుచేతా పనిచేయదు, జింకు లోహంలో సీసం కలిసిపోయి లోపలి నుంచే పగుళ్ళొచ్చి రాలిపోతాయి. వరికి తెగులు పట్టినట్టే, కలెక్టర్లూ దాన్ని జింకు తెగులు అనే అర్థంలోనే పిలుస్తారు. తేమ ఉన్నచోట అది ఇంకా తొందరగా ముదురుతుంది, మనదేమో ఏడాదిలో సగం గోడలు చెమర్చే ప్రాంతం.

మా పిన్నితో మాత్రం ఈ విషయంలో నేను వాదన పెట్టుకోను. సంక్రాంతి బొమ్మల కొలువులో వాళ్ళింటి కొండపల్లి దశావతారాలకి నాలుగైదేళ్ళకోసారి ఎనామిల్ రంగు వేయిస్తుంది. "వెలిసిపోయిన దేవుణ్ణి పేరంటానికి వచ్చినవాళ్ళ ముందు ఎలా పెట్టమంటావురా?" అంటుంది. ఆవిడ మాట నిజం, అవి కొలువుకోసం పుట్టిన బొమ్మలు. కానీ అదే పెట్టెలో చెయ్యి విరిగిందని పక్కన పడేసిన పాత పాలవాడి బొమ్మ ఒకటి ఉంది, కొత్త రంగు పడకుండా మిగిలింది అదొక్కటే. తెల్లపొణికి కర్ర, దూదిలా తేలిక. కనుబొమ్మ గీసిన చోట కుంచె మొదలెట్టిన దగ్గర లావుగా, చివర వెంట్రుకలా సన్నగా తేలిపోతుంది. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చెయ్యి అతికించి, అతుకు మీద రంగు వేయకుండా వదిలేశాను. కొలువు చూడ్డానికొచ్చిన ఆ హైదరాబాదు పెద్దాయనే మెరుస్తున్న దశావతారాలకి దణ్ణం పెట్టి, ధర అడిగింది మాత్రం ఆ పాలవాడిది. పిన్ని ఇవ్వనంది.

నిన్న భీమవరం వెళ్ళొచ్చాను. ట్రంకు మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. ముందు వాటిని ఏరించేశాను, కొన్ని రకాల ప్లాస్టిక్ ఆ ఆవిరికి మెత్తబడి అంటుకుపోతుంది, పెట్టెలో రెండు ప్లాస్టిక్ బస్సులు అప్పటికే ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. వాటి బదులు సిలికా జెల్ పొట్లాలు వేయమన్నాను. ప్రతి బండినీ దుమ్ముతోనే నాలుగు వైపులా ఫోటోలు తీశాను. ఒక చిన్న లారీ అడుగున మేకుతో గీసి ఎవరిదో పేరు ఉంది. "ఇది మా తమ్ముడిదండీ, వాడు లేడిప్పుడు. ఇది చెరిపిస్తే రేటు పెరుగుతుందా?" అన్నారాయన. చెరిపితే గీత పోయి గొయ్యి మిగులుతుంది, ఇలాగే ఉంటే ధర కొంచెం తగ్గుతుంది, అంతే తేడా అని చెప్పాను. ఆయన లారీని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది లిస్టులోంచి తీసేయండి" అని చొక్కా జేబులో వేసుకున్నారు. మిగతా పద్దెనిమిదింటికీ లిస్టు రాస్తున్నాను.