పెరుగు మానేశాక నా పళ్లెం లెక్క

గత ఏడాది సంక్రాంతి వెళ్లిన మరుసటి వారం మా ఇంట్లో నేనొక్కదాన్నే పాలు, పెరుగు, నెయ్యి మానేశాను. దానికి కారణం ఒక గేదెల కొట్టంలో నేను చూసిన సంగతి; అది వేరే కథ, ఇక్కడ చెప్పను. పుట్టింట్లోనూ అత్తవారింట్లోనూ గుడ్డు కూడా ముట్టని వాళ్లమే కనుక, వీగన్‌గా, అంటే జంతువుల నుంచి వచ్చేదేదీ తినని మనిషిగా మారడమంటే నా వరకు మూడు వస్తువులు వదులుకోవడమేనని అనుకున్నాను. "పాలు, పెరుగు లేకపోతే ఒంట్లో సత్తువ ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా?" అని అత్తయ్య అడిగితే, "రోజూ పప్పు తింటూనే ఉన్నాం కదా అత్తయ్యా" అని తేలిగ్గా చెప్పేశాను. ఆవిడ అడిగిందే సరైన ప్రశ్న అని నాకు తెలిసేసరికి మూడు నెలలు గడిచాయి.

పెరుగన్నం లేని భోజనం ముగిసినట్టే అనిపించదు. ఆ వెలితిని నేను తెలియకుండానే మరో రెండు ముద్దల చారన్నంతోనో, ఆవకాయ కలుపుకున్న అన్నంతోనో పూడ్చుకుంటూ వచ్చాను. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో సుద్దముక్క పట్టుకునే కళ్లు మూతలు పడేవి. నాలుగయ్యేసరికి కడుపులో ఏమీ లేనట్టు ఆకలి వేసి, స్టాఫ్ రూమ్‌లో ఏ బిస్కట్లు కనబడితే అవి తినేదాన్ని. ఏప్రిల్‌లో రక్తపరీక్ష చేయించుకుంటే, మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. అంతకు ముందు ఏడాది అది 5.6. ఈ పరీక్షలో 5.7 నుంచి 6.4 దాకా మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు. ఒక ఆసుపత్రిలో ఆహార సలహా కోసం వెళ్లి, నేను పాల పదార్థాలు తిననని రెండుసార్లు చెప్పాను. అయినా వాళ్లిచ్చిన అచ్చు కాగితంలో పొద్దున గ్లాసు పాలు, రాత్రికి వంద గ్రాముల పనీర్ ఉన్నాయి. ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, వస్తూ దారిలో వంటింటి కాటా ఒకటి కొనుక్కున్నాను.

వారం రోజులపాటు, వండకముందే, నా వంతుకు వచ్చే ప్రతి గింజనూ తూచాను. తూకం పచ్చి సరుకుకే వేయాలి, ఎందుకంటే 150 గ్రాముల బియ్యం ఉడికాక నీళ్లు పీల్చుకుని 400 గ్రాములు దాటుతుంది, ఆ బరువుతో వేసిన లెక్క దేనికీ పనికిరాదు. బియ్యంలో వందకు సుమారు 8 గ్రాముల ప్రొటీన్, ఒంట్లో చక్కెరగా మారే పిండిపదార్థం 78 గ్రాములు ఉంటాయి. మధ్యాహ్నం, రాత్రి కలిపి నేను తింటున్నది 310 గ్రాముల బియ్యం. పాలు మానకముందు అది 250 దగ్గర ఉండేది. ఇక నేను అంత ధీమాగా చెప్పిన పప్పు సంగతి చూస్తే, నలుగురికి కలిపి కుక్కర్‌లో పోసేది 120 గ్రాముల కందిపప్పు. అందులో నా వాటా 30 గ్రాములు, దానిలోని ప్రొటీన్ ఆరున్నర గ్రాములు. గిన్నె నిండా కనబడేదంతా నీళ్లూ, టమాటాలూ, పోపూ. పొద్దున నాలుగు ఇడ్లీలతో వచ్చేది ఇంకో పది. మొత్తం 41 గ్రాముల ప్రొటీన్‌కు 320 గ్రాముల పిండిపదార్థం తేలింది. మానేసిన కాఫీలోని పాలూ, రెండు పూటల పెరుగూ కలిపితే అర లీటరు. అంటే ఇన్నేళ్లూ రోజుకు 16 గ్రాముల ప్రొటీన్‌ను ఆ అర లీటరే పూడుస్తూ వచ్చింది, పేరు మాత్రం పప్పుకు దక్కింది.

ఎంత కావాలన్న దానికి హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కను పట్టుకున్నాను. నాణ్యమైన ప్రొటీన్ అయితే కిలో బరువుకు 0.83 గ్రాములు చాలు, ధాన్యాలే ప్రధానమైన భోజనానికి ఒక గ్రాము దాకా కావాలి. నా బరువు 62 కిలోలు కనుక 62 గ్రాములు లక్ష్యంగా పెట్టుకున్నాను. ఈ తేడాకు కారణం లైసిన్ అనే అమైనో ఆమ్లం, అంటే ప్రొటీన్‌ను కట్టే ఇటుకల్లో ఒకటి. బియ్యంలో అది తక్కువ, పప్పుల్లో సమృద్ధిగా ఉంటుంది. పప్పుల్లో కొరవడే మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని ధాన్యం అందిస్తుంది. ఆ రెండూ ఒకే ముద్దలో ఉండాల్సిన పని లేదు, ఆ రోజు తిండిలో తగిన పాళ్లలో ఉంటే సరిపోతుంది.

ఇక్కడే రెండో పొరపాటు చేశాను. అన్నం తగ్గించకుండా దాని మీద పప్పు, శనగలు, రాజ్మా పెంచుకుంటూ పోయాను. కందిపప్పులో వందకు 22 గ్రాముల ప్రొటీన్ ఉన్నా, పిండిపదార్థం 55 గ్రాముల పైనే ఉంటుంది. కాబట్టి ప్రొటీన్ కోసం వేసుకున్న ప్రతి గరిటెతో పిండిపదార్థం కూడా పెరుగుతుంది. పప్పు చేరినప్పుడు అన్నం పక్కకు తప్పుకోవాలన్న సంగతి కాగితం మీద రెండు నిలువు గళ్లు గీసి కూడితే తప్ప నాకు తట్టలేదు. పైగా ఒక్కసారిగా అన్ని గింజలు తినడంతో పది రోజులు కడుపుబ్బరం. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, వారానికి కొంచెం చొప్పున పెంచాకే పొట్ట దారికి వచ్చింది. పాలకు బదులు కొబ్బరిపాలు వాడడం మరో అమాయకత్వం. వాటిలో ప్రొటీన్ నామమాత్రం, ఉన్నదంతా కొవ్వే. సోయాపాలలో అయితే ఆవుపాలకు దగ్గరగా, వంద మిల్లీలీటర్లకు మూడు గ్రాముల దాకా ఉంటుంది.

ఇప్పుడు పొద్దున 60 గ్రాముల పెసలు నానబోసి పెసరట్లు వేసుకుంటాను. పిండిలో పిడికెడు బియ్యం వేసే అలవాటు మానుకున్నాను; అట్టు కరకరలాడదన్న మాట నిజమే, కానీ ఉప్మా కూరి తినే పెసరట్టు నాకెప్పుడూ టిఫిన్ మీద టిఫిన్‌లాగే అనిపించేది. ఇరవై గ్రాముల వేరుశనగ గుళ్లతో పచ్చడి చేసుకుంటే ఆ పూటకే 18 గ్రాములు దాటుతుంది. మధ్యాహ్నం 90 గ్రాముల బియ్యం, 40 గ్రాముల కందిపప్పు, కూరలో 25 గ్రాముల మీల్ మేకర్. మీల్ మేకర్‌లో సగానికి సగం ప్రొటీనే కాబట్టి ఆ గుప్పెడుతో 13 గ్రాములు వస్తాయి. అది వారానికి మూడు రోజులే. మిగతా రోజుల్లో 50 గ్రాముల అలసందలు వేస్తాను. నాలుగింటికి బిస్కట్ల స్థానంలో శనగ గుగ్గిళ్లు, రాత్రికి రెండు జొన్నరొట్టెలు, కూర. కూరగాయలు, పండ్లు కాక 61, 62 గ్రాముల ప్రొటీన్, 200 గ్రాముల దగ్గర పిండిపదార్థం. మొక్కల ఆహారంలో దొరకని విటమిన్ బీ12కు డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటున్నాను, దాన్ని ఏ గింజా భర్తీ చేయదు. అక్టోబరులో హెచ్‌బీఏ1సీ మళ్లీ 5.6కు వచ్చింది.

భోజనం చివర వెలితి మాత్రం చాలాకాలం పోలేదు. చివరికి వేరుశనగ గుళ్లు నానబెట్టి రుబ్బి, పాలు పిండి కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పది పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూతపెట్టాను. తెల్లారేసరికి తోడుకుంది, కొంచెం పలచగా, కొంచెం పల్లీ వాసనతో. నాలుగు ముద్దల అన్నంలో కలుపుకుని ఉప్పు వేసుకున్నాను. అత్తయ్య వేలితో రుచి చూసి, "పెరుగు కాదు గానీ, ఆవకాయ కిందికి పనికొస్తుంది" అన్నారు.