ఘాటు రాకపోతే కడిగినట్టు కాదంట

పోయిన ఆదివారం పొద్దున మా అమ్మ మా బాత్రూమ్ గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చినంత పని చేసింది. విషయం ఏంటంటే లోపల నేను లుంగీ పైకి ఎగ్గట్టి, చేతికి గ్లౌజు వేసుకుని, కమోడ్ ముందు గొంతుక్కూర్చుని, ఒక చేత్తో బ్రష్, ఇంకో చేత్తో ఫోన్ టార్చ్ పట్టుకుని రిమ్ కిందకి తొంగి చూస్తున్నా. "ఇదేం ఖర్మరా నాన్నా, ఈ పని నువ్వు చెయ్యాల్సిన గతేం పట్టింది" అంది. గొంతు తగ్గించే అంది గానీ వంటింట్లో మా ఆవిడకి వినపడేంత తగ్గించి అంది. అటునుంచి పెనం మీద అట్లకాడ చప్పుడు ఒక్కసారిగా పెరిగింది.

పెళ్లయిన కొత్తలోనే మాకు ఒక ఒప్పందం కుదిరింది, ఫ్లాట్‌లో ఉన్న రెండు బాత్రూమ్‌లు నావి, వంటగది సింకు, స్టవ్వు తనవి. ఇదేదో గొప్ప కోసం చెప్పట్లేదు, నాకు ఆ పని చిరాకు లేదు అంతే, పైగా అరగంటలో అయిపోతుంది, వంటగది అలా కాదు కదా రోజుకి మూడుసార్లు. కానీ ఈ సంగతి రెండు వైపులా పెద్దవాళ్లకి ఇన్నాళ్లూ తెలీకుండా మేనేజ్ చేశాం. వాళ్లొస్తున్నారంటే శనివారం రాత్రే కడిగేసేవాణ్ణి. ఈసారి నిజాంపేట్‌లో ట్యాంకర్ లేటై నీళ్లు లేక ఆదివారానికి పడింది, దొరికిపోయా.

నిజానికి నేనూ మొదట్నుంచీ ఇలా లేను. ఇంజనీరింగ్ అయ్యాక అమీర్‌పేట్‌లో నలుగురం ఒక రూమ్ తీసుకున్నాం, గోడ మీద టైమ్‌టేబుల్ అంటించాం సోమవారం వీడు బుధవారం వాడు అని, నెల గడిచింది ఒక్కడూ బ్రష్ ముట్టుకోలేదు, ప్రతివాడికీ మాత్రం మిగతా ముగ్గురి శుభ్రత మీద బోలెడు అభిప్రాయాలు. అప్పుడు మా నాన్న ఏదో పని మీద వచ్చాడు. బాత్రూమ్‌లోకి వెళ్లి పది సెకన్లలో బయటికొచ్చి, ఏం అనకుండా చెప్పులేసుకుని, "అలా టీ తాగొస్తా" అని వెళ్లి రోడ్డు చివర సులభ్ కాంప్లెక్స్‌లో పని కానిచ్చుకుని వచ్చాడు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం ఆయన బస్సెక్కగానే మొదటిసారి నేను కడిగా, దేనితో కడగాలో కూడా తెలీక బట్టల సర్ఫ్‌తో.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నా చిన్నప్పుడు అందరం కాలవ గట్టుకే. నేను మూడో తరగతిలో ఉండగా నాన్న లెట్రిన్ కట్టిద్దామంటే మా తాతయ్య ఇంతెత్తున లేచాడు, "తినే ఇంట్లోనే అదీనా, బుద్ధుందా" అని. చివరికి ఇంటికి దూరంగా, పెరట్లో గేదెల కొట్టం అవతల, సిమెంటు ఒరలు దింపి కట్టారు. తాతయ్య బతికున్నన్నాళ్లూ అందులో కాలు పెట్టలేదు, చెంబు పట్టుకుని గట్టుకే వెళ్లేవాడు. ఆయన దృష్టిలో శుభ్రం అంటే ఇంట్లో ఆ వస్తువే లేకపోవడం. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, 2014లో స్వచ్ఛ భారత్ వచ్చి 12,000 ఇచ్చి కట్టించిన లెట్రిన్లలో మా వీధి చివర రెండిట్లో ఇప్పటికీ పిడకలు, కట్టెపుల్లలూ ఉంటాయి, తాతయ్యలు ఇంకా ఉన్నారన్నమాట.

అమ్మది ఇంకో సిద్ధాంతం. ఆవిడకి శుభ్రం అంటే తెల్లగా మెరవాలి, ముక్కుకి తగలాలి. చిన్నప్పుడు సైకిల్ మీద డబ్బాలు కట్టుకుని "యాసిడ్, ఫినాయిల్" అని అరుస్తూ ఒకాయన వచ్చేవాడు, అమ్మకి ఆయనంటే కూరగాయలాయన కంటే ఎక్కువ. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకం మీద ఆంక్షలు పెట్టింది కానీ మా అమ్మకి ఎక్కణ్ణుంచో దొరుకుతూనే ఉంది, పాత మంచినీళ్ల సీసాలో పోసి బాత్రూమ్ అటక మీద పెడుతుంది, దాని మీద నాకు రోజూ భయమే, పిల్లలు వస్తే ఏంటి పరిస్థితి అని. వారానికోసారి పోస్తుంది, పొగలొస్తాయి, పాన్ మెరుస్తుంది. ఆ మెరుపు ఎన్నాళ్లు? పింగాణీ అంత తొందరగా పోదు గానీ చుట్టూ టైల్స్ మధ్య ఉన్న సిమెంటుని యాసిడ్ తినేస్తుంది, ఆ సందుల్లో నీళ్లు నిలబడి నల్లగా పాచి పడుతుంది, ఆ నలుపు పోవడానికి మళ్లీ యాసిడ్.

అలా అని అమ్మది పూర్తిగా తప్పని అనను. మా బోరు నీళ్లు మహా ఉప్పన, కమోడ్‌లో నీటిగీత దగ్గర పడే ఆ పసుపు చార మురికి కాదు, నీళ్లలో ఉండే సున్నం, దానికి పట్టుకున్న ఇనుము. ఎంత సబ్బు రుద్దినా పోదు, దానికి ఏదో ఒక పుల్లటిది కావాలి. హార్పిక్ సీసా వెనక చదివితే అందులో ఉండేదీ హైడ్రోక్లోరిక్ యాసిడే, పది శాతం అటూఇటూగా, కాకపోతే జారిపోకుండా చిక్కగా చేసి సీసాకి మెడ వంచి ఇస్తారు. నా ఆయుధం మాత్రం నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో దొరుకుతుంది, పులిహోరలో నిమ్మకాయ లేనప్పుడు వేస్తారే అదే. రాత్రి పడుకునే ముందు మగ్గుడు వేణ్నీళ్లలో నాలుగు చెంచాలు కలిపి లోపల పోసి, రిమ్ కింద టిష్యూలు అదే నీళ్లతో తడిపి అంటించి వదిలేస్తే పొద్దునకి గార మెత్తబడుతుంది. ఆ టిష్యూలు ఫ్లష్ చెయ్యకుండా తీసి చెత్తలో వెయ్యాలి, మొదటిసారి నేను ఫ్లష్ చేసి ప్లంబర్‌కి సమర్పించుకున్నా. ఆదివారం టార్చ్ పెట్టి చూస్తున్నది కూడా అదే, రిమ్ కింద నీళ్లు వచ్చే చిన్న చిన్న కన్నాలు ఉంటాయి కదా, వాటిలో సగం తెల్లగా పూడుకుపోయి ఉన్నాయి, అందుకే ఫ్లష్ ఒక పక్కకే తిరుగుతోంది. ఒక్కో కన్నం పాత టూత్‌బ్రష్‌తో పొడుస్తుంటే సున్నం పెచ్చులు రాలుతున్నాయి, నాకేమో పరమానందంగా ఉంది, వెనకాల అమ్మ కళ్లు ఒత్తుకుంటోంది.

ఇక అసలు గొడవ మంగళవారం జరిగింది. మేమిద్దరం ఆఫీసులకి వెళ్లాక, కొడుకు ఇక ఆ పని చెయ్యకూడదని అమ్మ నిర్ణయించుకుని, బాత్రూమ్ అంతా బ్లీచింగ్ పౌడర్ చల్లింది. కాసేపు నాననిచ్చింది. తర్వాత అది సరిపోలేదనిపించి, ఊర్నుంచి బ్యాగులో చీర మడతల మధ్య దాచి తెచ్చిన యాసిడ్ సీసా తీసి దాని మీదే పోసింది. బ్లీచింగ్ మీద యాసిడ్ పడితే వచ్చేది క్లోరిన్ గ్యాసు, మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదకి తెస్తుంది. అదృష్టం కొద్దీ తలుపు తీసే ఉంది, నాన్న హాల్లోనే పేపర్ చదువుతున్నాడు. దగ్గు వినపడి పరిగెత్తుకెళ్లి రెక్క పట్టుకుని బాల్కనీలోకి లాక్కొచ్చాడు, బాత్రూమ్ తలుపు వేసి ఇంట్లో కిటికీలన్నీ తీసి నాకు ఫోన్ చేశాడు. నేను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేసరికి కళ్లు ఎర్రగా, గొంతు బొంగురుగా ఉంది, రాత్రంతా దగ్గుతూనే ఉంది. నేను అరిచేశాను, అరవకూడదు గానీ అరిచేశాను, రెండూ కలపకూడదని ఎన్నిసార్లు చెప్పానని. నిజానికి ఒక్కసారి కూడా చెప్పలేదు, ఆవిడకి తెలుసనుకున్నా. అంత దగ్గులోనూ ఆవిడ ఏమందో తెలుసా, "ఘాటు రాకపోతే పురుగులు ఎట్లా చస్తాయిరా" అని. సైకిలాయన నేర్పిన చదువు అది, ముక్కు మండితే క్రిమి చచ్చినట్టు.

మా అత్తమ్మ వాళ్లది కరీంనగర్. ఆవిడకి వాసనతో పని లేదు, నీళ్లతో పని. వాళ్లింట్లో ఇండియన్ టాయిలెట్, లోపలికి వెళ్లగానే ముందు ఒక మగ్గు నీళ్లు పాన్ మీద పోసి కూర్చోవాలి, తడిగా ఉంటే అంటుకోదు అని. ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు కరెక్టు, నేను ఇక్కడ కూడా ఫాలో అవుతున్నా. బాత్రూమ్ చెప్పులు వేరు, అవి గుమ్మం దాటి ఇవతలకి రావు, ఇవతల చెప్పులు అవతలకి పోవు, బయటికొచ్చాక కాళ్లు కడుక్కోవాలి. కొత్తల్లో ఒకసారి ఉత్త కాళ్లతో వెళ్లొచ్చి సోఫాలో కూర్చున్నా, ఆవిడ నన్నేం అనలేదు, అల్లుడిని కదా, కూతుర్ని పిలిచి "గా నీలం చెప్పులు ఆయనకు చూపెట్టలేదా బిడ్డా" అంది. ఇప్పటికీ ఆ ఇంట్లో నీలం చెప్పులు కనపడితే సర్దుకుంటా.

ఆవిడ కూతురిది దానికి పూర్తి రివర్సు. మా ఆవిడకి నేల మీద చుక్క నీళ్లు ఉండకూడదు. స్నానం చేసినవాడే వైపర్‌తో లాగాలి, జెట్ స్ప్రే వాడినవాడు సీటు తుడవాలి, తడి సీటు మీద కూర్చోవాల్సి వస్తే ఆ రోజు ఇంట్లో టిఫిన్ ఉండదు. వాళ్లమ్మ వచ్చి రెండు బకెట్లు గుమ్మరించి "ఇగ సాఫ్ అయింది" అంటుంది, ఈవిడ వెనకాలే వైపర్ పట్టుకుని "ఇగ జారి పడతం" అంటుంది. నా ఓటు మా ఆవిడకే. భయపడి కాదు, పొడి నేలకి పాచి పట్టదు, వాసన రాదు, అరవై దాటినవాళ్లు జారి తుంటి విరగ్గొట్టుకోరు.

నీళ్లు గుమ్మరించే అలవాటు మా అమ్మ డల్లాస్ కూడా పట్టుకెళ్లింది, మా చెల్లి వాళ్లింటికి. అక్కడ పై అంతస్తు బాత్రూమ్‌లో నేలకి జాలీ ఉండదు, అంతా చెక్క ఇల్లు. ఈవిడ మగ్గుతో నేలంతా కడిగేసింది. మధ్యాహ్నానికి కింద డైనింగ్ టేబుల్ పైన సీలింగ్‌కి గోధుమ రంగు మరక వచ్చింది, మా బావగారు దాన్ని ఇండియా మ్యాప్ అంటారు. "నీళ్లు పోయే దారి లేని బాత్రూమ్ బాత్రూమేనా" అని అమ్మ ఇప్పటికీ వాదిస్తుంది.

నాన్న ఈ గొడవల్లో ఉండడు, ఆయన బాధ అంతా ట్యాంకర్ డబ్బులు. కమోడ్‌కి రెండు బటన్లు ఉంటాయి కదా, చిన్నదానికి మూడు లీటర్లు, పెద్దదానికి ఆరు, ఆయన రెండూ నొక్కడు. వాషింగ్ మెషీన్ పైపు బకెట్‌లోకి పెట్టి ఆ నురగ నీళ్లే పోస్తాడు. బాత్రూమ్ పొద్దంతా సర్ఫ్ వాసన. నాకేం అభ్యంతరం లేదు.

ఇవన్నీ మా ఇంటి లోపలి సంగతులు. రాయాలా వద్దా అనుకుంటున్నది ఇంకోటి ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో నలభై ఫ్లాట్లు, వాట్సాప్ గ్రూపులో బాత్రూమ్ టైల్స్ నుంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాకా చర్చలు. కింద సెల్లార్‌లో మెట్ల కింద ఒక టాయిలెట్ ఉంది, వాచ్‌మన్ కుటుంబానికి, పనివాళ్లకి, డ్రైవర్లకి. బల్బు లేదు, గడియ విరిగింది, కుళాయి రాదు, డ్రమ్ము లోంచి ముంచుకోవాలి. మా పనమ్మాయికి బాత్రూమ్‌లు కడుగుతావా అని నేను ఎప్పుడూ అడగలేదు, కానీ పక్క ఫ్లాట్ వాళ్లు అడిగారట ఎక్స్‌ట్రా ఐదొందలు ఇస్తామని. "కడిగేది నేను, వెళ్లేది మాత్రం కిందకా?" అందట. ఆ మాట గ్రూపులో ఎవరో "చూశారా ఎంత పొగరో" అని పెడితే పన్నెండు నవ్వు బొమ్మలు వచ్చాయి. నేనూ ఏం అనలేదు ఆ రోజు. అంటే నవ్వు బొమ్మ పెట్టలేదు, అంతవరకే.

బుధవారం, అమ్మ కోలుకున్నాక, కింద బండి తీస్తుంటే వాచ్‌మన్ భార్య పుల్లల చీపురు పట్టుకుని ఆ టాయిలెట్ కడుగుతోంది, సెల్ ఫోన్ నోట్లో పెట్టుకుని, టార్చ్ వెలుగు కోసం. నాకు నా ఆదివారం గుర్తొచ్చింది. మధ్యాహ్నం గ్రూపులో బల్బు, గడియ, కుళాయి, మొత్తం ప్లంబర్‌తో కలిపి ఇంత అవుతుంది, మెయింటెనెన్స్‌లో కలుపుదాం అని పెట్టా. ఆరుగురు బొటనవేలు పెట్టారు. ఒకాయన "అది వాళ్లు నీట్‌గా ఉంచుకోరండి, వేస్ట్" అన్నాడు. ఆయన ఫ్లాట్‌లో బాత్రూమ్ ఎవరు కడుగుతారో అడగాలని టైప్ చేసి, డిలీట్ చేసి, బల్బు, గడియ నా డబ్బులతోనే తెచ్చి వేయించా. కుళాయి సంగతి ఇంకా తేలలేదు, వచ్చే ఆదివారం మీటింగ్‌లో పెట్టారు.

అమ్మావాళ్లు శుక్రవారం ఊరెళ్లిపోయారు. యాసిడ్ సీసా నేను తీసి దాచేశాను, ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. నిన్న రాత్రి ఫోన్ చేసింది. వానలు, గేదె ఈనడం, పిన్నివాళ్ల అమ్మాయి సంబంధం, అన్నీ అయ్యాక, "ఆ ఉప్పు ఏదో అన్నావే, ఎన్ని చెంచాలు?" అంది.

"నాలుగు. బ్లీచింగ్‌లో కలపొద్దు, యాసిడ్‌లో కలపొద్దు, దేంట్లోనూ కలపొద్దు."

"సర్లే, తెలుసులే" అంది. కాసేపు ఆగి, "ఒరేయ్, సంబంధం మాట్లాడ్డానికి పిన్నివాళ్లు హైదరాబాద్ వస్తున్నారంట, మీ ఇంటికీ వస్తారు. నువ్వు కడుగుతావని మాత్రం వాళ్ల ముందు అనకు" అంది.

శనివారం రాత్రే కడిగేస్తానని మాటిచ్చా.