గ్రూప్-1 ఇంగ్లిష్ పేపరు, ‘కన్సర్న్‌డ్’ అనే విశేషణం: నా అనుభవం

గ్రూప్-1 మెయిన్స్‌లో మిగిలిన పేపర్లన్నీ తెలుగులో రాసుకొనే వీలున్నా, 150 మార్కుల జనరల్ ఇంగ్లిష్ మాత్రం ఎవరికీ తప్పదు. ఆ మార్కులు ర్యాంకులో కలవవు గానీ, అర్హత మార్కులు రాకపోతే తక్కినవి ఎంత బాగా రాసినా ఫలితం ఉండదు. 2024 అక్టోబరులో జరిగిన పరీక్షకు మహబూబ్‌నగర్‌లో ఉండి చదువుకుంటున్నప్పుడు, లేఖారచనలో నాకు అన్నిటికన్నా ఎక్కువ పని పెట్టింది ‘కన్సర్న్‌డ్’ అనే విశేషణం.

కోయిల్‌సాగర్ కాలువలో పూడిక తీయించమని కోరుతూ కలెక్టరుకు రాసే నమూనా లేఖనొకదాన్ని, రిటైరైన ఇంగ్లిష్ సారు ఒకరికి చూపించాను. ‘ది కన్సర్న్‌డ్ ఇంజనీర్’ అని ఉన్నచోట ఆయన వేలు పెట్టి, “కాలువ పూడితే రంది రైతుకు గదా, ఈ ఇంజనీరుకెందుకయ్యా?” అన్నారు.

నామవాచకానికి ముందు వస్తే ఆ మాటకు ఆందోళన పడుతున్న అనే అర్థమే ప్రధానం. ‘ఎ కన్సర్న్‌డ్ ఫాదర్’ అంటే బిడ్డ గురించి దిగులుపడే తండ్రి. అదే ‘ది ఇంజనీర్ కన్సర్న్‌డ్’ అని తరువాత చేరిస్తే, ఆ పని ఎవరి పరిధిలో ఉందో ఆ ఇంజనీరు. ‘హూ ఈజ్ కన్సర్న్‌డ్ ఇన్ ది మ్యాటర్’ అనే ఉపవాక్యం కుదించుకుపోయి ఒక్క మాటగా మిగిలిందనుకుంటే ఈ వరుస సులువుగా పట్టుబడుతుందని సారు చెప్పారు. ‘ప్రెజెంట్’ కూడా ఇటువంటిదే: ‘ది ప్రెజెంట్ మెంబర్స్’ అంటే ఇప్పటి సభ్యులు, ‘ది మెంబర్స్ ప్రెజెంట్’ అంటే సమావేశానికి హాజరైనవారు. తెలుగులో విశేషణం ముందే వస్తుంది కాబట్టి, ‘సంబంధిత అధికారి’ అని ఉత్తర్వుల్లో చదివీ చదివీ అలవాటుపడిన చేయి ఇంగ్లిష్‌లోనూ అదే వరుసలో సాగుతుంది.

విభక్తుల పని కొంత తేలిక. దిగులుకు ‘అబౌట్’ లేదా ‘ఫర్’, ఒక పుస్తకం ఫలానా విషయాన్ని చర్చిస్తుందని చెప్పడానికి ‘విత్’. ఖాళీలు పూరించే ప్రశ్నలకు ఇంతవరకు తెలిస్తే చాలు.

అయితే మన కార్యాలయాల్లో, పత్రికల్లో ‘కన్సర్న్‌డ్ ఆఫీసర్’ ఎప్పుడో స్థిరపడిపోయింది. దాన్ని చదివి ఆ అధికారి బెంగపడుతున్నాడని ఎవరూ అనుకోరు గనుక, అది ఒట్టి తప్పని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. తహశీల్దారు కార్యాలయానికిచ్చే దరఖాస్తులో ఇప్పటికీ ఆ వరుసే రాస్తాను. జవాబుపత్రంలో మాత్రం దిద్దేవారికి సందేహం రాకుండా ఆ మాటను నామవాచకం తరువాతే ఉంచాను. వాక్యం మరీ పొడుగైన చోట దాన్ని వదిలేసి, ముందు పెట్టినా అర్థం మారని ‘రెలెవెంట్’ను వాడాను.