‘నార్మల్’ అన్న రిపోర్టుతో మూడేళ్ళు

మూడు నెలల మాత్రలు పూర్తయి నిన్ననే విశాఖలో డాక్టరు గారిని మళ్ళీ చూసి వచ్చాను. నాకున్నది ఎండోమెట్రియోసిస్ అని, అంటే గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం బయట పెరిగే జబ్బని, కోత లేకుండానే తేలింది. సాలూరు దాటి ఉన్న మా ఊరి నుంచి ఈ మాట వినడానికి మూడేళ్ళు పట్టింది.

బహిష్టు నొప్పికి మొదట ఆర్‌ఎంపీ గారి ఇంజక్షన్లు, తరువాత ఐరన్ మాత్రలు. వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

చెప్పవలసింది పట్టణంలోని స్కానింగ్ సెంటరు గురించి. లీటరు నీళ్ళు తాగించి, నలభైమంది నడుమ రెండు గంటలు కూర్చోబెట్టారు. లేవలేను, కూర్చోలేను. నా వంతు వచ్చాక తలుపు దగ్గరి అమ్మాయి హాలంతా వినబడేలా “పెళ్ళయిందా?” అని అడిగింది. కాలేదన్నాను. “అయితే పైనుంచే” అని లోపలికి కేకేసింది. ఆ ‘పైనుంచే’ అన్న మాటకు అర్థం నాకు మూడేళ్ళ తరువాత గాని తెలియలేదు. పొట్ట మీద జెల్లు రాసి అయిదు నిమిషాలలో ముగించి, ‘నార్మల్’ అని రాసిచ్చారు. ఆ కాగితం చూసిన డాక్టరమ్మ నా ముఖం చూడలేదు, మా అమ్మతో, “లోపలేమీ లేదమ్మా, పిల్ల భయపడుతోంది. పెళ్ళి చేసేయండి, ఒక కాన్పయితే అదే పోతుంది” అన్నారు. కాంపౌండరు నవ్వాడు. ఆటోలో అమ్మ, “మాకూ అలాగే ఉండీది, ఓర్చుకున్నాం” అంది. పదో తరగతికి జీవశాస్త్రం చెప్పే నేను, నొప్పిని కల్పించుకుంటున్నానేమోనని నన్ను నేనే అనుమానించుకుంటూ ఆ తరువాత ఎన్నో నెలలు గడిపాను. నొప్పి వచ్చిన రోజు బల్ల అంచు పట్టుకుని పాఠం చెప్పేదాన్ని. అదీ వీలుకానప్పుడు సెలవు చీటీలో ‘జ్వరం’ అని రాసేదాన్ని.

మధ్యలో ఒక ల్యాబ్‌లో సీఏ-125 అనే రక్తపరీక్షకు పన్నెండు వందలు పోశాను. జబ్బున్నా ఆ అంకె మామూలుగానే ఉండవచ్చు, వేరే కారణాలతోనూ పెరగవచ్చు. ఆ డబ్బుతో విశాఖకు రెండుసార్లు వెళ్ళి వచ్చేదాన్ని.

విశాఖ డాక్టరు గారు అమ్మను బయట కూర్చోమని ముందు నాతో మాట్లాడారు. నొప్పి బహిష్టుకు ఎన్ని రోజుల ముందు మొదలవుతుంది, ఆ రోజులలో మలవిసర్జనకు వెళ్తే నొప్పి పెరుగుతుందా, మూత్రానికి మంట ఉంటుందా, పని మానేస్తున్నానా అని ఇరవై నిమిషాలు అడిగారు. పాల లెక్క రాసుకునే మా గోడ క్యాలెండరులో నొప్పి రోజులకు ఎర్ర గీతలు పెట్టి ఉంచాను. ఆ కాగితాలు చించి తీసుకెళ్ళడం నేను చేసిన తెలివైన పని అని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మీరూ రాసి ఉంచండి, ఖర్చేమీ లేదు.

అండాశయాలను దగ్గరగా చూడాలంటే యోని గుండా చేసే స్కాన్ మేలని, పెళ్ళికాని వారికి అది వద్దనుకుంటే మలద్వారం గుండా కూడా చేయవచ్చని ఆవిడే చెప్పారు. “నిర్ణయం నీదే అమ్మా” అన్నారు. మూడేళ్ళ క్రితం ఈ ఒక్క మాట ఎవరూ అనలేదు. పెళ్ళి కాలేదన్న జవాబే నా తరఫున నిర్ణయం తీసేసుకుంది. నేను రెండోదానికి ఒప్పుకున్నాను. ఇబ్బందిగా ఉంది గాని హాలులో ఆ కేక విన్నంత ఇబ్బంది కాదు. తెర మీద ఎడమ అండాశయంలో గరుకు అద్దం వెనక పొగ నింపినట్టు మూడు సెంటీమీటర్ల తిత్తి కనిపించింది. చాక్లెట్ సిస్ట్ అంటారట. అండాశయం గర్భాశయానికి అతుక్కుని, పొట్ట మీద నొక్కినా కదలలేదు. మూడేళ్ళ క్రితం ఆ తిత్తి ఉందో లేదో నేను చెప్పలేను. కాని ఆనాటి స్కాన్ అన్నీ చూడగలిగినది కాదన్నది నిజం.

పొత్తికడుపు లోపలి పైపొర మీద ఈ జబ్బు వేసే చిన్న మచ్చలు ఎంత మంచి స్కాన్‌లోనైనా కనిపించకపోవచ్చు కాబట్టి, స్కాన్ బాగుందంటే జబ్బు లేదని కాదు. ఒకప్పుడు లాప్రోస్కోపీ చేసి, అంటే పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరా గొట్టం లోపలికి పంపి, కంటితో చూస్తేనే నిర్ధారణ అనేవారు. 2022లో యూరప్ నిపుణుల సంఘం ఈష్రె ఆ పద్ధతిని సడలించి, స్కాన్‌లో ఏమీ కనిపించనప్పుడో, మందులు పని చేయనప్పుడో, సరిపడనప్పుడో మాత్రమే దానికి వెళ్ళమంది. లాప్రోస్కోపీ చేసే సర్జన్ దగ్గరలో లేని మాలాంటి చోట్ల ఈ సంగతి ప్రతి డాక్టరు బల్ల మీదా అంటించి ఉండాలి.

రోజుకు రెండు మిల్లీగ్రాముల డైనోజెస్ట్ అనే హార్మోను మాత్ర ఇచ్చారు. మాత్రకు నొప్పి తగ్గడమొక్కటే జబ్బుకు రుజువు కాదని కూడా చెప్పారు. మొదటి రెండు నెలలు వేళాపాళా లేకుండా మరకలు కనిపించి విసిగిపోయాను, తల నొప్పి కూడా వచ్చింది. మానేద్దామనుకుని ఫోన్ చేస్తే, ఇలా జరగడం మామూలేనని చెప్పి ఆపవద్దన్నారు. ఆరు నెలలకు మళ్ళీ స్కాన్.

క్యాలెండరులో ఈ నెల పాల లెక్క మాత్రమే ఉంది. బడి రిజిస్టరులో నాకు జ్వరం రాలేదు.