డీఈఐసీ నుంచి సదరం దాకా: ఆటిజం ఉన్న మా బాబు విషయంలో నా అనుభవం

'మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయిలే' అని మీతోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ మాట పట్టుకుని ఆగకండి. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావాల్సింది వేలితో చూపించకుండా మన చెయ్యి లాక్కెళ్లి ఫ్రిజ్ తలుపు మీద పెట్టడం, స్టీలు మూత గిరగిరా తిప్పుతూ దాని అంచునే చూస్తూ ఉండటం. రెండేళ్ల పిల్లల్లో ఇవి కనిపిస్తే ఆటిజమేమోనని డాక్టరుకు చూపించాల్సిందే.

ఆర్‌బీఎస్‌కే, అంటే పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం, డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. అప్పటిదాకా ఎదురుచూడక్కర్లేదు. జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీకి, అంటే సత్వర చికిత్స కేంద్రానికి, నేరుగా వెళ్లొచ్చు. ఫీజు ఉండదు. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఎన్‌ఐఈపీఐడీ సంస్థలో 2021 నుంచి ఆరేళ్లలోపు పిల్లల కోసం ప్రత్యేక కేంద్రం ఉంది.

మాటలు రాని పిల్లలకు ముందు వినికిడి సరిగా ఉందో లేదో తేల్చాలి. దానికి చేసే బెరా పరీక్షకు బిడ్డ నిద్రపోవాలి. చాలామందికి ఇక్కడే ఒక తేదీ వృథా అవుతుంది. పిల్లాడు బస్సులో హాయిగా నిద్రపోయి, సరిగ్గా ఆసుపత్రి గేటు దగ్గర లేచి కూర్చుంటాడు. అందుకే ముందు రోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లవారుజామునే లేపి, దారి పొడవునా కునుకు తీయనివ్వకూడదు.

థెరపీ ఒక దారి, సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సర్టిఫికెట్, ఇంకో దారి. ఒకదాని కోసం రెండోది ఆపొద్దు. స్పీచ్ థెరపీ కేంద్రంలో జరిగేది వారానికి ఒకటి రెండు గంటలే, మిగతాదంతా ఇంట్లో మనమే చేయాలి. వెళ్లిన ప్రతిసారీ 'ఈ వారం ఇంట్లో ఏం చేయించాలి మేడమ్, ఒకసారి చేసి చూపించండి' అని అడగండి.

సర్టిఫికెట్‌కు మీసేవలో గానీ, ఆంధ్రాలో అయితే సచివాలయంలో గానీ దరఖాస్తు పెట్టి, వైద్య పరీక్షకు స్లాట్ తీసుకోవాలి. అంతకంటే ముందు జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు ఉందో లేదో చూసుకోండి. చాలావాటిలో తల్లి పేరే ఉండి బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది. పేరు చేర్పించి, ఆధార్‌లోనూ అదే స్పెల్లింగ్ ఉండేలా చూసుకోవాలి.

ఆటిజం శాతాన్ని ఐఎస్ఏఏ అనే కొలమానంతో లెక్కిస్తారు. దాన్ని తయారుచేసింది పైన చెప్పిన సికింద్రాబాద్ సంస్థే. పిల్లల ప్రవర్తన మీద 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. ఎప్పుడో ఒకసారి చేస్తే 1, దాదాపు ఎప్పుడూ చేస్తుంటే 5. మొత్తం 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేదని రాస్తారు. డాక్టరు బిడ్డను చూసేది కాసేపే, ఎక్కువ భాగం మనం చెప్పే జవాబుల మీదే నడుస్తుంది. కన్నబిడ్డ లోపాలు పరాయివాళ్ల ముందు ఒప్పుకోవాలంటే గొంతు పెగలదు. 'ఇంట్లో బాగానే ఉంటాడండీ' అనేస్తాం. ఆ ఒక్క మాటతో మార్కులు పడిపోతాయి. పెంచి చెప్పొద్దు, దాచొద్దు. ముందు రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాసుకోండి: పది సార్లు పిలిస్తే ఎన్నిసార్లు తిరిగాడు, రోజుకు ఎన్నిసార్లు చెవులు మూసుకున్నాడు, రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు. రెండు మూడు ఫోన్ వీడియోలు కూడా పట్టుకెళ్లండి.

ఆ మార్కులను బట్టి వేసే వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే సర్టిఫికెట్ పథకాలకు పనికొస్తుంది. మిగతా అర్హతలు కూడా కుదిరితే పింఛను నెలకు ఆంధ్రాలో 6,000, తెలంగాణలో 4,016 రూపాయలు.

తర్వాత నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వారి నిరామయ ఆరోగ్య బీమా. ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చుతో సహా వర్తిస్తుంది. ముందే ఉన్న సమస్య అని తిప్పి పంపరు. ట్రస్టులో రిజిస్టరైన సంస్థ ద్వారా చేరాలి. డబ్బు మనం కట్టి, తర్వాత తిరిగి తీసుకోవాలి కాబట్టి ఒరిజినల్ బిల్లు ఒక్కటి కూడా పారేయొద్దు.

ఐదేళ్లలోపు పిల్లలకు ఇచ్చేది తాత్కాలిక సర్టిఫికెట్. దాని మీద గడువు తేదీ ఉంటుంది. స్లాట్లు వెంటనే దొరకవు కనుక, గడువుకు మూడు నెలల ముందే మళ్లీ మీసేవకు వెళ్లండి.