కేజ్ వెనక దాచిన బియ్యం బస్తా

"ఇది ఎవరి కోసం?" అని అడిగింది మా నైట్ మేనేజర్.

2020 మార్చి 21, శనివారం, తెల్లవారుజామున నాలుగున్నర. కరోనా భయానికి జనం సరుకుల మీద ఎగబడుతున్న రోజులు. తూర్పు లండన్‌లో నేను పనిచేసే సూపర్‌మార్కెట్ గోదాము. కిచెన్ రోల్స్ కేజ్ (సరుకు తెచ్చే చక్రాల ఇనప బోను) వెనక, గోడకు ఆనించి పెట్టిన పది కిలోల బియ్యం బస్తా ముందు ఆవిడ నిలబడి ఉంది. దాచింది నేనే. అబద్ధం నోటికి రాలేదు. "నా కోసమే. షిఫ్ట్ అయ్యాక డబ్బులు కట్టి తీసుకెళ్దామనుకున్నా" అన్నాను.

"డబ్బుల సంగతి కాదు. తీసుకెళ్లి షెల్ఫులో పెట్టు."

గొంతు పెంచలేదు. ముఖం కూడా చిట్లించలేదు. పక్కన సరుకు పేర్చిన చెక్క పాలెట్ విప్పుతున్న ఇద్దరు కుర్రాళ్లు మాత్రం పని ఆపి విన్నారు. నేను ఆ బస్తాను భుజానికెత్తుకుని, వాళ్ల ముందు నుంచే నడిచి, బియ్యం ఐల్‌లో ఖాళీగా ఉన్న అడుగు అరలో పెట్టి వచ్చాను. ఆ నడకను ఇన్నేళ్లయినా మర్చిపోలేదు.

నేను దొంగతనం చేయలేదు. ముందు ఆ మాట చెప్పనివ్వండి. ఆ జనవరిలోనే మాస్టర్స్ చదవడానికి వచ్చాను. కాలేజీ జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదని వీసా షరతు. అందుకే మూడు రాత్రులు షెల్ఫులు నింపే పనిలో కుదిరాను. ఇల్‌ఫర్డ్‌లో మూడు గదుల ఇంట్లో ఏడుగురం ఉండేవాళ్లం, అందరం మన పిల్లలమే. వంతులవారీగా వంట. శుక్రవారం సాయంత్రం ప్రధాని టీవీలో కనిపించి పబ్బులూ రెస్టారెంట్లూ ఆ రాత్రికే మూసెయ్యాలన్నారు. మా ఇంట్లో ఇద్దరు రెస్టారెంట్లలో గిన్నెలు తోమేవాళ్లు. ఒకడికి పనిలోకి రావద్దని ఫోన్ వచ్చింది, ఇంకొకడికి అదీ రాలేదు. మా రెసిడెన్స్ పర్మిట్ కార్డుల మీదే ప్రభుత్వ సాయానికి అర్హత లేదని అచ్చేసి ఉండేది. నేను పనికి బయల్దేరుతుంటే తమ్ముడి వరసవాడొకడు గుమ్మం దాకా వచ్చాడు. "అన్నా, బియ్యం రేపటి దాకా వస్తయి, అంతే" అన్నాడు.

ఏడుగురికి పది కిలోల బియ్యం వారం రోజులు. రెండు పూటలా అన్నమే తినేవాళ్లం కదా. ఇంగ్లిష్ వాళ్ల ఇళ్లలో కిలో ప్యాకెట్ కొంటే నెల దాటుతుంది. ఏ సరుకైనా మనిషికి మూడే అని మా షాపులో బోర్డు పెట్టారు. ఒంటరిగా ఉండే ఆయనకీ మూడే, ఏడుగురున్న ఇంటికీ మూడే. ఆ లెక్క పెట్టినవాళ్లకి అన్నం తినే ఇల్లు ఎలా ఉంటుందో తెలియదు. అప్పుడు నా బాధ అదే, ఇప్పటికీ కొంత అదే.

మన సరుకులు దొరికే దుకాణానికి పోవచ్చు కదా అంటారేమో. పోయాం. పన్నెండు పౌండ్లుండే సోనా మసూరి బస్తాని ఇరవై రెండు చేశారు. అలాంటి ఫిర్యాదులు దేశమంతటా వచ్చాయి. పోటీ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ దానికోసం ప్రత్యేక బృందాన్నే పెట్టింది. కానీ కౌంటర్లో ఉన్నాయన "ఏ ఊరు మీది?" అని తెలుగులోనే అడిగి ఇరవై రెండు తీసుకున్నప్పటి మంట వేరు.

ఆ శనివారం షెల్ఫు దగ్గర్నుంచి తిరిగొస్తూ నేను మనసులో ఆవిడతోనే పోట్లాడాను. ట్రాలీలు నింపుకుని పోయేవాళ్లని ఏమీ అనలేని మీరు, రాత్రంతా బరువులు మోసి షెల్ఫులు నింపే నన్నా అనేది? బస్సులో కూడా అదే పోట్లాట. ఇంటికొచ్చి పడుకుని మధ్యాహ్నం లేచేసరికి టీవీలో ప్రధాని ఆఫీసుండే డౌనింగ్ స్ట్రీట్ నుంచి విలేకరుల సమావేశం వస్తోంది. మూడు వారాల కిందటి కంటే వంద కోట్ల పౌండ్ల విలువైన తిండి జనం ఇళ్లలో ఎక్కువగా ఉందని దుకాణదారుల సంఘం ముఖ్య కార్యనిర్వహణాధికారి చెప్పింది. రెండ్రోజుల షిఫ్ట్ చేసి వచ్చి కూరగాయలు దొరక్క కార్లో కూర్చుని ఏడ్చిన నర్సు వీడియో ఆ వారమంతా తిరుగుతూనే ఉంది. ఆసుపత్రి సిబ్బందికి సరుకులు దొరక్కపోవడం మనందరికీ సిగ్గుచేటని జాతీయ ఆరోగ్య సేవల పెద్ద డాక్టర్ అన్నాడు. ఆ "మనందరిలో" నేనున్నానా లేనా అని నేను చాలా రోజులు ఆలోచించాను.

ఎందుకంటే అరలు ఎలా ఖాళీ అవుతున్నాయో నేను లోపలి నుంచి చూస్తున్నాను. జనం అనుకున్నట్టు ఎవరో కొద్దిమంది లారీలకెత్తుకుపోలేదు. కొనుగోళ్ల లెక్కలు చూసే కాంటార్ అనే సంస్థ ఆ నెలలోనే చెప్పింది: పాస్తాని విపరీతంగా కొన్నవాళ్లు నూటికి ముగ్గురే. మిగతావాళ్లంతా అలవాటుగా కొనే దానికి ఒకటో రెండో కలిపి, ఒకసారి ఎక్కువ వచ్చారు. అంతే, అర ఖాళీ. మా షాపుకి లారీలు రోజూ వచ్చాయి, కేజులు కూడా ఎప్పటికంటే ఎక్కువే దిగాయి. రాత్రి పన్నెండుకి నింపిన వరస పొద్దున ఏడుకి బోసిపోయేది.

పిండి సంగతి మరీ విచిత్రం. బ్రిటన్‌లో తయారయ్యే గోధుమపిండిలో నూటికి నాలుగు వంతులే చిల్లర దుకాణాలకి చిన్న సంచుల్లో వస్తుంది. మిగతాదంతా బేకరీలకీ కార్ఖానాలకీ ట్యాంకర్లలోనో పెద్ద బస్తాల్లోనో పోతుంది. దేశమంతా ఇంట్లో కూర్చుని బ్రెడ్డు కాల్చుకుందామనుకునేసరికి మిల్లులు రాత్రింబవళ్లు నడిచాయి. పిండి ఉంది. కిలోన్నర సంచుల్లోకి నింపే యంత్రాలే చాలలేదు. టాయిలెట్ పేపర్‌ది కూడా కొంత అదే తంతు. ఆఫీసులూ స్కూళ్లూ మూతబడితే అక్కడి పెద్ద చుట్టలు అక్కడే ఉండిపోయాయి, ఇళ్లకి కావలసిన చిన్నవాటి మీద భారం పడింది. మా ఇంట్లో ఆ బాధ లేదు, చెంబుంది. కేజ్ నిండా వచ్చిన ఆ మూటల్ని నేను అరలోకి ఎక్కించకముందే నా చేతుల్లోంచి అందుకున్నవాళ్లున్నారు. వాళ్ల కళ్లలోని బెదురు చూశాక నవ్వు రాలేదు.

ఇవన్నీ తెలిసీ నేనెందుకు దాచాను? మా ఇంటి అలవాటు అని చెప్పుకున్నాను. ఏడాదికి సరిపడా బియ్యం, కందిపప్పు, చింతపండు, మిరపకాయలు ఇంట్లో లేకపోతే మా అమ్మకి నిద్ర పట్టదు. ఏ ఇంట్లోనైనా అంతే కదా. నిల్వ చేసుకునే జాతి మాది, దాన్ని దొంగచాటు అంటారేమిటి అని రూమ్మేట్లతో వాదించాను. వాళ్లూ అవునన్నారు. తర్వాత ఒక రాత్రి పాలెట్ లాగుతుంటే తట్టింది. అమ్మ కొత్త బియ్యం కొనేది వడ్లు రాశులు పోసి ఉన్న నెలలో. మిరపకాయలు కొనేది మార్కెట్ యార్డు ఎర్రగా నిండినప్పుడు. అప్పుడు ఆమె పది బస్తాలు కొన్నా ఇంకొకరి అర ఖాళీ కాదు. నేను తీసింది ఆ రాత్రి షాపుకి వచ్చిన నాలుగు పెద్ద బస్తాల్లో ఒకటి. పొద్దున మొదటి గంట ముసలివాళ్లకీ ఆసుపత్రి సిబ్బందికీ అని బయట బోర్డు ఉంది. ఆరింటికే వాళ్లు కోట్లేసుకుని, చలిలో ఎడంగా నిలబడి ఉండేవాళ్లు.

ఈ తేడా తెలిసినంత మాత్రాన కోపం పోలేదు. ఎందుకు పోలేదో ఇంకొన్ని వారాలకి గానీ అర్థం కాలేదు.

మాది మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు చాలా ఆ ఊరి మిల్లులకే వస్తాయి. మా నాయిన ఒక రైస్ మిల్లులో గుమస్తా. బియ్యం దొరక్కపోవడం అనే మాట మా ఊళ్లో ఎవరికీ మింగుడు పడదు. మిల్లులో బస్తాలెత్తే హమాలీల్లో చాలామంది బీహార్ వాళ్లు. మిల్లు ఆవరణలోనే రేకుల కింద ఉంటారు, అక్కడే వండుకుంటారు. నాకు పదేళ్లప్పుడు నాయినకి టిఫిన్ బాక్స్ తీసుకెళ్లాను. కాంటా పక్కన ఒక హమాలీ నిలబడి ఉన్నాడు. నడుముకి కట్టిన గంచాలో (తుండుగుడ్డలో) ఏదో మూట ఉంది. నాయిన విప్పమన్నాడు. అందరి ముందూ విప్పాడు. నూకలు, రెండు మూడు శేర్లుంటాయేమో, కింద చిందినవి ఊడ్చి తీసినవి. "పైసలిస్త సాబ్" అన్నాడతను తెలుగులోనే. నాయిన కూడా గొంతు పెంచలేదు. "పైసల ముచ్చట కాదు, రాశిల పొయ్యి" అన్నాడు. అతను నూకలు పోసి, గంచా దులిపి, మళ్లీ బస్తా భుజాన వేసుకున్నాడు.

గోదాములో ఆవిడ అన్నది అక్షరాలా మా నాయిన మాటే. కేజుల మధ్య నిలబడి ఇంగ్లిష్‌లో విన్నాను కాబట్టి వెంటనే పోల్చుకోలేదు.

నేనిక్కడ ఇంజనీరింగ్ డిగ్రీ పెట్టుకుని వచ్చిన విద్యార్థిననే అనుకుంటూ ఉన్నాను. కానీ రాత్రి పదింటి నుంచి నేను చేసేది హమాలీ పనే. అక్కడ కొంకీ, ఇక్కడ పాలెట్ ట్రక్కు. ఊరుకాని ఊళ్లో, భాష సగం వచ్చీ రాక, ఒకే కప్పు కింద ఏడుగురు. నాకు కోపం వచ్చింది ఆవిడ న్యాయం తప్పిందని కాదు. తిండి మోసే చేతులకి ఆ తిండిలో ముందు వరస ఉండదని ఆవిడ చెప్పినందుకు. ఆవిడకీ లేదు, అదీ చూశాను. ఆ శనివారం షిఫ్ట్ దిగి, రాత్రంతా నింపిన అరల మధ్య నుంచి ఒట్టి చేతులతో నడిచి బస్టాపుకి పోయింది. ఆ మనిషి మీద గౌరవం పుట్టింది, నిజం. గౌరవం పుట్టినా కడుపులో మంట కూడా అలాగే ఉంది.

ఇద్దరు ఉద్యోగం లేని తమ్ముళ్లకి కొన్ని రోజులు గురుద్వారాలో భోజనం దొరికింది. తల మీద రుమాలు కట్టుకుని వెళ్తే ఎవరూ వీసా అడగలేదు, ఊరు అడగలేదు. రొట్టె, పప్పు, డబ్బాల్లో ఇంటికి కూడా ఇచ్చారు. వాళ్ల రుణం ఎలా తీర్చాలో నాకు తెలియదు.

మే నెలలో నాయిన ఫోన్ చేశాడు. యాసంగి వడ్లు విపరీతంగా వచ్చాయి, సర్కారు ఊళ్లలోనే కొంటోంది, మిల్లుల ముందు లారీలు బారులు తీరాయి, దింపే మనుషులు లేరు. హోలీకి ఊరెళ్లిన బీహార్ హమాలీలు లాక్‌డౌన్‌తో అక్కడే చిక్కుకుపోయారు. మే 1న దేశంలోనే మొదటి వలస కార్మికుల రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి పోయింది. వారానికే బీహార్‌లోని ఖగడియా నుంచి మిల్లుల కోసం హమాలీలతో ఇంకో రైలు అదే లింగంపల్లికి వచ్చింది. "ఈడ బియ్యం కుప్పలు కుప్పలున్నయ్ బిడ్డా, ఎత్తేటోళ్లే లేరు" అన్నాడు నాయిన. ఊరెళ్లని కొద్దిమంది హమాలీలు మిల్లులోనే ఉండిపోయారట. వలస కూలీలకి తలా పన్నెండు కిలోల బియ్యం, ఐదొందలు సర్కారు ఇస్తానన్నది కదా, అందాయా అని అడిగాను. "అవి వచ్చేదాక ఆగుతరా? మిల్లు బియ్యమే ఇస్తున్న. నేనే కొలుస్తున్న" అన్నాడు.

అప్పుడు ఆ నూకల మనిషి గురించి అడిగాను. గంచా, కాంటా, టిఫిన్ బాక్స్ అన్నీ గుర్తు చేశాను. నాయిన చాలాసేపు మాట్లాడలేదు.

"యాదికి లేదు బిడ్డా" అన్నాడు చివరికి. "ఆ దినాల్ల మస్తుమందితోని ఇప్పిచ్చిన."

నేను కూడా కాసేపు ఊరుకున్నాను. తర్వాత కేజ్ వెనక బస్తా సంగతి మొదటిసారి చెప్పాను. ఊళ్లో మావాళ్లెవరికీ చెప్పలేదు అప్పటిదాకా.

"మల్ల ఆడ్నే పెట్టినవా?"

"పెట్టిన నాయినా."

"మరి ఆ పూట మీరేం తిన్నరు?"

అరలో చివరికి మిగిలింది పుడ్డింగ్ రైసు, పాలల్లో వండి పాయసంలాంటిది చేసుకునే పొట్టి గింజ. అరకిలో ప్యాకెట్లు మూడు, మనిషికి మూడే కదా. షిఫ్ట్ దిగాక వరసలో నిలబడి తెచ్చాను. వండితే బంకలా అయింది. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా అడుగున ఇంకొంచెం ఉంటే కలుపుకున్నాం. ఏడుగురికీ తలా రెండు ముద్దలకి వచ్చింది. అదంతా నాయినకి చెప్పాను.